దసరా దాకా ఆగిన ఓట్లు

పోయినవారం మనం ఆగింది నా భుజాల మీద శాలువా దగ్గర. ఆక్లాండ్‌లో మా మౌంట్ రాస్కిల్ తెలుగు సంఘం అధ్యక్షుడు రాజారావుగారు పెద్దలందర్నీ తన గరాజ్‌లో కూర్చోబెట్టి, పేట పనులు చూసే లోకల్ బోర్డు ఎన్నికల్లో మనవాళ్ళు ఇద్దరు నిలబడితే ఓట్లు చీలిపోతాయని తేల్చేశారు. ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేను, రమామణిని. పగలంతా ల్యాబ్‌లో జనం చేతుల్లోంచి రక్తం తీసే ఉద్యోగం నాది. రెండోవాడు దామోదర్, టైర్ల షాపు నడుపుకునే కరీంనగర్ కుర్రాడు. కుర్రాడంటే నలభైకి దగ్గర పడుతున్నవాడే, నన్ను అక్కా అంటాడు కాబట్టి నాకు కుర్రాడు. ఎవరో ఒకరు తప్పుకోవాలన్నారు, దామోదర్ తలూపాడు, నాకు శాలువా కప్పారు, ఫోటో వాట్సాప్‌లో పడింది.

నామినేషన్ల గడువు ఎప్పుడో దాటిపోయిందని, ఇద్దరి పేర్లూ అచ్చయిన ఓటు కాగితాలు కవర్లలో పెట్టి పోస్టులో ఇంటింటికీ వచ్చేశాయని, ఇప్పుడు తప్పుకోవడమనేదే లేదని ఆ రోజు మొత్తుకున్నాను. పైగా ఈ బోర్డుకి ఆరుగురిని ఎన్నుకుంటారు. ఒక్కో మనిషి ఆరు పేర్ల దాకా టిక్ పెట్టొచ్చు. ఇద్దరికీ పెట్టమనండి, ఏ గొడవా ఉండదు అన్నాను. లెక్కలు తర్వాత చూద్దాం, ముందు ఫోటోకి ఇటు తిరగమ్మా అన్నారు రాజారావుగారు. తిరిగాను. ఆ ఫోటోలో నా మొహం చూసినవాళ్ళెవరికైనా నాకు సన్మానం జరుగుతోందని అనిపించదు, పన్ను పీకుతున్నారని అనిపిస్తుంది.

నేను ఈ ఎన్నికల్లోకి దిగింది హాలు కోసం. మా వీధి చివర పాత చెక్క హాలు ఒకటుంది. దాన్ని బాగు చేయించాలా, అమ్మేయాలా అన్నది కొత్తగా వచ్చే బోర్డు తేలుస్తుంది. బుధవారం పొద్దుట అక్కడ మా ఆడవాళ్ళు చేరతారు. మనవల్ని చూసుకోవడానికని వచ్చి ఉండిపోయినవాళ్ళు, కారు నడపడం రానివాళ్ళు, వారం మొత్తంలో ఇంట్లోవాళ్ళు కాని మనిషి మొహం అక్కడే చూసేవాళ్ళు. నడిచి వెళ్ళగలిగిన చోటు కాబట్టి వస్తున్నారు. అది పోతే ఊరవతల ఇంకో హాలుకి వాళ్ళని కారులో దింపే కొడుకూ లేడు, కూతురూ లేదు, అందరూ ఆ టైముకి ఆఫీసుల్లోనే ఉంటారు. పోయిన ఎన్నికల్లో ఆరో సీటు చాలా కొద్ది ఓట్ల తేడాతో తేలింది. మా తెలుగు ఇళ్ళ ఓట్లు పడితే చాలు, ఆ సీటు నాది.

అందుకే ఓటింగ్ ఆఖరి రోజైన ఆ శనివారం నిద్ర లేస్తూనే గడియారం చూసుకున్నాను. రెండువేల పదహారు అక్టోబరు. మధ్యాహ్నం పన్నెండింటికి ఓటింగ్ ముగుస్తుంది. పోస్టులో వేస్తే అందే రోజులు దాటిపోయాయి కాబట్టి, కవరు చేతిలో ఉన్నవాళ్ళు లైబ్రరీకి వెళ్ళి అక్కడి డబ్బాలో వెయ్యాల్సిందే. సరిగ్గా ఆ పొద్దుటే శాండ్రింగ్‌హామ్‌లో కిరాణా కొట్టుకి కరివేపాకు కోసం వెళితే, కౌంటరు వెనక నుంచి కొట్టు యజమాని రెండు చేతులూ జోడించి నాకు అభినందనలు చెప్పాడు. దేనికండీ అన్నాను. ఆయన వేలితో అద్దం తలుపు మీద అంటించిన కాగితం చూపించాడు. లోకల్ బోర్డుకి ఏకగ్రీవంగా ఎన్నికైన శ్రీమతి రమామణిగారికి ఆదివారం సాయంత్రం సన్మానం, అందరూ ఆహ్వానితులే, భోజనాలు కలవు.

ఎన్నిక ఇంకా అవలేదండీ అన్నాను. మీరు మరీ మొహమాటపడతారు అని నవ్వి, సంచీలో ఒక మైసూర్‌పాక్ డబ్బా ఊరికే పడేశాడు. ఓటు వేశారా అని అడిగాను. వెయ్యడమేమిటి, మా ఇంట్లో కవర్లన్నీ పండక్కి ముందే రాజారావు అంకుల్‌కి ఇచ్చేశాంగా, అందరూ ఆయనకే ఇచ్చారు అన్నాడు. చేతిలో కరివేపాకు అక్కడే వదిలేశాను. మైసూర్‌పాక్ డబ్బా మాత్రం ఎలా వచ్చిందో నాతో కారులోకి వచ్చింది.

ఈ దేశంలో ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేయించుకోవడం తప్పనిసరి, చేయించుకోకపోతే జరిమానా. ఓటు వెయ్యడం మాత్రం మన ఇష్టం. మావాళ్ళు ఆ మొదటి ముక్క దగ్గరే ఆగిపోయారు. అర్హత వచ్చీరాగానే పరిగెత్తి పేరు రాయించుకుంటారు, రాయించుకున్నాక బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకుంటారు. రెండు నెలలుగా నేను ఎక్కి దిగని గుమ్మం లేదు. కవరు వచ్చిందా అంటే, ఏదో కరెంటు బిల్లు లాంటిది వచ్చినట్టుందమ్మా అన్న ఆవిడ ఒకరు. ఇండియాలో ఏ నియోజకవర్గంలో ఎవరికి ఎంత మెజారిటీ వచ్చిందో గడగడా చెప్పిన పెద్దమనిషి ఒకాయన, తన ఇంటి ముందు రోడ్డు ఎవరు వేస్తారో తెలియక నా మొహం చూశాడు. ఎవరు గెలిచినా మనకి ఒరిగేదేముంది అని నన్నే ఓదార్చిన వాళ్ళ లెక్క చెప్పను. ఓటు వెయ్యనివాడి మీద కూడా ఒక జరిమానా రాసి ఉంటే ఈ గోలంతా ఉండేది కాదని, దారి పొడుగునా స్టీరింగ్ మీద కొడుతూ అనుకున్నాను.

రాజారావుగారి ఇంటికి వెళ్ళేసరికి వాన వెలిసి ఎండ వచ్చింది, గుమ్మం దాకా నడిచేలోపు మళ్ళీ వాన మొదలైంది. లోపల సాంబ్రాణి వాసన. ఆ రోజు మూలా నక్షత్రం, సరస్వతీ పూజ. పొగ తగిలితే మోగే సీలింగ్ అలారం మోగకుండా దానికి స్నానానికి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ తొడిగారు. రాజారావుగారి భార్య వేదవతి ఆంటీ నాకు బొట్టు పెట్టి, ప్రసాదం తినకుండా మాట్లాడకు అని చేతిలో గిన్నె పెట్టారు. సోఫాలో ఆవిడ తమ్ముడు రామమోహన్‌గారు కాళ్ళు చాపుకుని ఉన్నారు. మెల్‌బోర్న్ నుంచి పండక్కి వచ్చి, వచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడి రోడ్లూ, ట్రాఫిక్కూ, టమాటాలూ ఏవీ మెల్‌బోర్న్‌లో ఉన్నంత బాగా లేవని అందరికీ చెబుతున్నారు.

కవర్లేవి అంకుల్ అన్నాను. పట్టుపంచెలో ఉన్న రాజారావుగారు నన్ను ఎంతో ప్రేమగా పూజ గదికి తీసుకెళ్ళారు. అమ్మవారి ముందు పెద్ద పళ్ళెం. అందులో మనవల పుస్తకాలు, పెన్నులు, ఎవరిదో ల్యాప్‌టాప్. వాటన్నిటి మీద రబ్బరు బ్యాండ్లు వేసిన ఓటు కవర్ల కట్టలు. పైన కుంకుమ, ఒక చేమంతి. ఒక్క కవరూ చించలేదు.

ఆయన వివరంగా చెప్పారు. నవరాత్రులు మొదలవకముందే ఇంటింటికీ ఫోన్ చేసి కవర్లు తెప్పించుకున్నారట. ఇవాళ పూజలో పెట్టారు. మంగళవారం విజయదశమి, ఏ పని మొదలెట్టినా జయమే. ఆ రోజు తలారా స్నానం చేసి, ఒక పెన్నుతో కూర్చుని అన్నిటి మీదా నా పేరుకి టిక్ పెట్టి, తానే స్వయంగా పోస్టు చేస్తారట. ఒక్క ఓటు కూడా పక్కకి పోదు, ఏకగ్రీవం అంటే ఇలా ఉండాలి అన్నారు. పాపం, ఆయన మొహం ఆనందంతో వెలిగిపోతోంది. నాకు అరవాలనిపించింది.

ఓటింగ్ ఇవాళ మధ్యాహ్నమే అయిపోతుందని చెప్పాను. పొడిగిస్తారు లేమ్మా అన్నారు. ఎవరు పొడిగిస్తారు అంకుల్ అన్నాను. గవర్నమెంటువాళ్ళు, గడువన్నాక రెండు మూడు రోజులు ఇవ్వరూ అన్నారు. ఇరవై ఏళ్ళకి పైగా ఈ దేశంలో ఉన్న మనిషి, ఒక్కసారి కారు రిజిస్ట్రేషన్ కూడా ఆలస్యం చెయ్యని మనిషి, ఓటు దగ్గరికి వచ్చేసరికి మనసులో మళ్ళీ సొంతూరు కాకినాడ వెళ్ళిపోయారు. ఇవ్వరు అని చెప్పాను. ఇచ్చినా కూడా ఊరందరి ఓట్లూ ఒకరే కూర్చుని వేస్తే నేరమని చెప్పాను. పోటీ చేస్తున్నదాన్ని కాబట్టి నేను ఆ కట్టల్ని కనీసం వేలితో తాకినా రేపు ఎవరైనా నా మీద ఫిర్యాదు చెయ్యొచ్చని, అందుకే ఈ గదిలో ఆ పళ్ళేనికి దూరంగా నిలబడ్డానని చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. నీకోసం ఇంత చేస్తే నేరమంటావేమిటమ్మా అన్నారు.

సోఫాలోంచి రామమోహన్‌గారు అందుకున్నారు. అందుకే మా ఆస్ట్రేలియాలో ఓటు కంపల్సరీ చేశారు, వెయ్యకపోతే ఇంటికి నోటీసు వస్తుంది, ఫైన్ కట్టాలి, మనవాళ్ళు ఫైన్ అంటే తప్ప కదలరు అన్నారు. దారిలో నేను అనుకున్నమాటే అది. ఆయన నోట వింటే ఎందుకో నచ్చలేదు. మరి మీరు పోయినసారి ఎవరికి వేశారండీ అని అడిగాను. ఎవరికో తెలియదన్నారు. కాగితం మీద తనకి నచ్చిన వరసలో నంబర్లు వెయ్యాల్సింది పోయి, పై నుంచి కింద దాకా ఒకటి, రెండు, మూడు అని వేసేసి, పోలింగ్ బూత్ బయట కాల్చి అమ్మే సాసేజ్ మాంసం వాసన పడక ముక్కు మూసుకుని వచ్చేశారట. అక్కడ దాన్ని గాడిద ఓటు అంటార్లే, ఎవరు చూడొచ్చారు, ఫైన్ తప్పింది అన్నారు. జరిమానా వేసి ఈ ఇంట్లో మనుషుల్ని డబ్బా దాకా తోలినా ఇదే జరుగుతుందని నాకు అక్కడే, ఆ ప్రసాదం గిన్నె చేతిలో ఉండగానే అర్థమైంది. చిరాకు తగ్గలేదు సరికదా, దాన్ని ఎవరి మీద చూపించాలో కూడా తెలియకుండా పోయింది.

గోడ మీద గడియారం పదిన్నర దాటుతోంది. ఎవరి కవరు వాళ్ళకి ఇప్పుడే ఇచ్చెయ్యండి, ఫోన్లు చేసి రమ్మనండి, లైబ్రరీ ఐదు నిమిషాల దూరం అన్నాను. రాజారావుగారు కదల్లేదు. పూజలో పెట్టిన పుస్తకమూ పెన్నూ దశమి దాకా తియ్యకూడదని, తీస్తే అపచారమని అన్నారు. ఆయన పూజ గది గుమ్మానికి అడ్డంగా నిలబడిన తీరు చూస్తే అది అమ్మవారి గురించిన భయంలా లేదు. అసలు సంగతేమిటి అంకుల్ అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మొగిలయ్య తెలుసుగా నీకు? తెలీదు, నువ్వు రాకముందే వాళ్ళు ఈ ఊరొదిలి హ్యామిల్టన్ వెళ్ళిపోయారు. ఈ దేశం వచ్చిన కొత్తలో పామర్‌స్టన్ నార్త్‌లో నేనూ అతనూ ఒకే గదిలో ఉన్నాం. ఒకటే మంచి కోటుండేది, ఇంటర్వ్యూ ఎవరికుంటే వాళ్ళు వేసుకునేవాళ్ళం. రెండువేల ఎనిమిదిలో సంఘానికి మొదటిసారి ఎలక్షన్ పెట్టాం. చేతులెత్తమన్నారు. నేనే గెలిచాను. మొగిలయ్య నాకు చెయ్యెత్తలేదు. నేను చూశాను. నేను చూశానని అతనూ చూశాడు. అంతేనమ్మా. ఒక్క మాటనుకోలేదు. అప్పట్నించీ ఈ రోజుదాకా ఒక్క మాట కూడా అనుకోలేదు."

ఆ ఏడాది ఉగాది రెండు హాళ్ళలో జరిగిందట. ఆ తర్వాత ఆయన సంఘంలో ఓటింగ్ అన్న మాట రానివ్వలేదు. ఏ పదవైనా ముందే టీ తాగుతూ మాట్లాడేసుకుని, ఒక్క పేరే బయటికి తెచ్చేవారు. మేమంతా ఆయన్ని కుర్చీ వదలని మనిషి అని వెనక నవ్వుకునేవాళ్ళం. నేనైతే పైకే నవ్వేదాన్ని. ఆయన నవ్వులపాలు కావడానికైనా సిద్ధపడ్డారు గానీ, ఇంకోసారి ఎవరి చెయ్యి లేవలేదో చూడటానికి సిద్ధంగా లేరు.

"అందుకే కదా అంకుల్ దీన్ని కవర్లో పెట్టి ఇంటికి పంపేది. ఎవరి చెయ్యీ ఎవరూ చూడక్కర్లేదు" అన్నాను.

ఇచ్చేస్తే సగంమంది వెయ్యనే వెయ్యరని ఆయన అన్నారు. వెయ్యకపోతే మానెయ్యనివ్వండి, వాళ్ళ ఓటు అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చినందుకు నాకే ఒళ్ళు మండింది. రెండు నెలలు గుమ్మాలు ఎక్కి దిగింది వాళ్ళు మానెయ్యడానికా? కొందరు నీకు కాకుండా దామోదర్‌కి వేస్తారు, ఇంకెవరో ఇక్కడి కివీకి వేస్తారు, అప్పుడేం చేస్తావు అన్నారు. ఓడిపోతాను అన్నాను. హాలు పోతుందిగా అన్నారు. పోతుంది అన్నాను.

అప్పుడు వేదవతి ఆంటీ వంటింట్లోంచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. పూజ గదిలోకి వెళ్ళి, పళ్ళెంలో నాలుగు అక్షింతలు వేసి దణ్ణం పెట్టుకున్నారు. "అమ్మవారికి నేను చెప్పుకుంటాలెండి" అని కట్టలన్నీ ఎత్తి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టారు. వాటితోపాటు ఒక పెన్ను కూడా తెచ్చారు. నలభై ఏళ్ళ సంసారంలో ఆవిడ ఆయన మాటకి ఎదురు వెళ్ళడం అదే మొదటిసారని నేననుకున్నాను. ఎంత తప్పుగా అనుకున్నానో మరుక్షణంలో తెలిసింది.

రాజారావుగారు కళ్ళజోడు పెట్టుకుని కట్టలు విప్పారు. ముందు తన ఇంటివి పక్కన పెడదామని వెతికారు. తనది దొరికింది. కొడుకుదీ కోడలిదీ దొరికాయి. మళ్ళీ మొదట్నుంచి చూశారు. నీదేదీ అని భార్యని అడిగారు.

నాది వేసేశాను అన్నారావిడ. పోయిన నెలలో ఒక బుధవారం హాలుకి నడిచి వెళుతూ, దారిలో, ఇక్కడ డెయిరీ అని పిలిచే చిల్లర కొట్టు పక్కనున్న పోస్టు డబ్బాలో వేశారట. ఆ కొట్టువాడి దగ్గర పెన్ను అడిగి, అక్కడే ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ మీద పెట్టుకుని టిక్కులు పెట్టారట. రాజారావుగారు కళ్ళజోడు సర్దుకుని ఆవిడ వంక చూశారు. రామమోహన్‌గారు కూడా కాళ్ళు దించి కూర్చున్నారు.

"ఎవరికేశావు?"

"వేశానండీ."

"రమామణికేగా?"

"అది నా కవరండీ" అన్నారు వేదవతి ఆంటీ. గొంతు పెంచలేదు. బల్ల మీద పడ్డ కుంకుమ మరకని చీర కొంగుతో తుడుస్తూ అన్నారు.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కూడా అడగాలనిపించింది. హాలు పోతే ఎక్కువ నష్టపోయేది ఆవిడే. నా కరపత్రాలు మడతపెట్టింది ఆవిడే. నాకు వెయ్యకపోతే ఎవరికి వేస్తారు? కానీ ఆవిడ నా వైపు కూడా చూడలేదు. నాలుక కొరుక్కుని, అడక్కూడదు అంకుల్, ఓటు ఎవరికి వేశారన్నది కట్టుకున్న భర్త కూడా అడక్కూడదు అని చెప్పాను. ఆయన భార్య వైపు తిరిగారు. తన ఏకగ్రీవం ఎప్పుడో ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ మీద చెల్లిపోయిందని తెలిసిన మనిషి మొహం అది. కోపం మాత్రం కనిపించలేదు.

తర్వాత తన కవరు చించారు. ఓటు కాగితం తీసి, పైన రాసి ఉన్నది వేలు పెట్టి చదువుకున్నారు. వేలు ఒకచోట ఆగింది.

ఆరుగురి దాకా పెట్టొచ్చా అన్నారు. పెట్టొచ్చు అన్నాను. అంటే నీకూ దామోదర్‌కీ ఇద్దరికీ పెట్టొచ్చా అన్నారు. పెట్టొచ్చు అన్నాను. మరి ఆ రోజే చెప్పలేదేమ్మా అన్నారు.

"శాలువా కప్పుతున్నప్పుడు చెప్పాను అంకుల్" అన్నాను. వేదవతి ఆంటీ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఆ గరాజ్‌లో కూర్చుని రాజీ కుదిర్చిన పెద్దల్లో ఒక్కరూ ఆ కవరు విప్పి చూడలేదు. విప్పి ఉంటే రాజీ అవసరమే లేదు. ఎన్నిక గురించి గంటలకొద్దీ మాట్లాడారు, మిరపకాయ బజ్జీలు తిన్నారు, ఒక మనిషిని తప్పించారు, ఇంకో మనిషికి శాలువా కప్పారు. కాగితం మాత్రం చదవలేదు. రాజారావుగారు ఆ ముక్క నోటితో అనలేదు గానీ, ఫోన్ తీసి మొట్టమొదట దామోదర్‌కే చేసి ఒకసారి రమ్మన్నారు. తర్వాత సంఘం గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టారు. మీ కవర్లు మా ఇంట్లో ఉన్నాయి, వెంటనే వచ్చి తీసుకెళ్ళి లైబ్రరీలో వేసుకోండి, ఎవరికి వేసుకుంటారో మీ ఇష్టం అన్నారు. మీ ఇష్టం అనడం ఆ గొంతుకి అలవాటు లేదు. ఆ రెండు మాటల దగ్గరా ఆగి, గొంతు సవరించుకుని మరీ అన్నారు.

గ్రూపులో బొటనవేళ్ళు టకటకా లేచాయి. బొటనవేలు ఎత్తడానికి మావాళ్ళకి బద్ధకం లేదు. ఎవరో, అమ్మవారి ప్రసాదం ఉంటుందా అంకుల్ అని అడిగారు. ఇంకెవరో, సోమవారం వచ్చి తీసుకుంటే పర్లేదా అని అడిగారు. పళ్ళు నూరుకుంటూ కిటికీలోంచి రోడ్డు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి ఒక కారు వచ్చింది. వెనకే ఇంకోటి.

మొదటి కారులోంచి దిగింది దామోదర్. దేశం దక్షిణపు కొసన ఇన్వర్‌కార్గిల్‌లో పాలిటెక్నిక్ చదివి, అక్కడి చలికి బెదిరి ఆక్లాండ్ వచ్చేసిన బ్యాచ్‌కి వీడే పెద్దన్న. షాపు బట్టల్లోనే ఉన్నాడు, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చేతుల మసి చూసుకుని లోపలికి రావడానికి సందేహించాడు. రాజారావుగారే ఎదురు వెళ్ళి చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టారు. కాగితం చూపించి, పొరపాటు జరిగింది బాబూ, నువ్వు తప్పుకోనక్కర్లేదు, నాకు ఇప్పుడే తెలిసింది అన్నారు. అంత పెద్దమనిషి అలా తల దించుకుని చెబుతుంటే నాకు వినడం కష్టమైంది.

దామోదర్ కాగితం వంక చూడలేదు.

"నాకెరుకే అంకుల్. కవరు అచ్చిన్నాడే ఇప్పి చదివిన. గప్పుడే వేసి పోస్ట్ చేసిన."

మరి తెలిసి ఎందుకు తలూపావు అని అడిగాను. నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

"ఏం చెయ్యాలె అక్కా? గెలుస్తనని నాకు నమ్మకం లేకుండె. ఓడిపోయిండు అనేకన్న, పెద్దలు చెప్తే తప్పుకున్నడు అంటే ఇంట్ల జర మర్యాదగ ఉంటదనుకున్న. రోడ్ల మీద పెట్టిన నా ప్రచారం బోర్డులు నేనే పీకేసిన. మావోళ్ళకు కూడ చెప్పిన, నాకెయ్యకున్రి అని."

బయట కార్ల తలుపుల చప్పుడు. జనం వాన తప్పించుకుంటూ గుమ్మంలోకి వస్తున్నారు. కిరాణా కొట్టాయన కూడా వచ్చాడు. అందరికీ వినపడే దూరంలో దామోదర్ నా వైపు తిరిగాడు. వాడి గొంతులో నిష్ఠూరం లేదు, అదే నాకు మరీ కష్టమైంది.

"నేనైతే ఇద్దరికి పెట్టిన అక్కా. నాకూ, మీకూ. మొదటిరోజే పెట్టిన. ఇద్దరికి పెట్టొచ్చని మీకు గూడ ముందే ఎరుక గద. మీరు నాకు పెట్టినరా?"

"అవి అడక్కూడదు నాయనా, ఇందాకే రమామణి చెప్పింది" అన్నారు వేదవతి ఆంటీ వంటింటి గుమ్మంలోంచి. నన్ను కాపాడదామనే అన్నారు. ఆ మాట పట్టుకుని నేను తప్పించుకోవచ్చు. ఓటు రహస్యమని పది నిమిషాల క్రితం ఈ ఇంట్లో పాఠం చెప్పింది నేనే. పెట్టాను తమ్ముడూ అని ఒక్క అబద్ధం ఆడినా ప్రపంచంలో ఎవరూ పట్టుకోలేరు.

నా కవరు సెప్టెంబరులో, కాగితాలు వచ్చిన మర్నాడే పోస్టు డబ్బాలో పడింది. అప్పటికింకా శాలువా లేదు, రాజీ లేదు, దామోదర్ నాతో పోటీ పడుతున్న మనిషి. ఆరుగురికి పెట్టగలిగిన చోట నేను పెట్టింది ఒక్కటే టిక్కు, అదీ నా పేరుకే.

రాజారావుగారు పెన్ను తన ఓటు కాగితం మీద ఆనించి, ఏ పేరుకీ టిక్కు పెట్టకుండా, నేనేం చెబుతానో అని నా మొహం చూస్తున్నారు. గుమ్మంలో ఉన్నవాళ్ళంతా కవర్లు చేత్తో పట్టుకుని అలాగే చూస్తున్నారు.